క్యారవాన్ బండి, రాత్రి మజిలీ

ముప్పది యేండ్లకు పైగా ఆఫీసు గంటకు లేచి, ఆఫీసు గంటకు భుజించి, సెలవు చీటీపై పైయధికారి సంతకమునకై యెదురుచూచిన యుద్యోగికి పదవీ విరమణానంతరము మొట్టమొదట కలుగు కోరిక దేశాటనము. అందును రైలు టిక్కెట్టు, హోటలు గది, ట్యాక్సీ బేరము అను మూడు బాధలును లేకుండ, పడకను వంటను వెంటబెట్టుకొని పోగల క్యారవాన్ బండి యొకటి లోకమున కలదని విన్నవారికి ఆ కోరిక యించుమించు జ్వరముగనే పరిణమించుచున్నది. ఇట్టివారు ముందుగా అడుగు ప్రశ్న "ఏ బండి కొనవలెను?" అనునది, రెండవది "ఎంతకు వచ్చును?" అనునది. ఈ రెండింటికిని సమాధానము కలదు గాని, వానికి ముందు వేసికొనవలసిన ప్రశ్న వేరొకటి యున్నది. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ బండి యెక్కడ నిలుచును? ఎవరి నేలపై, ఎవరి యనుమతితో, ఏ నీటికి దాపున, ఏ వైద్యునికి ఎంత దూరమున నిలుచును? చూడదగిన స్థలముల పట్టికను మాత్రమే చేతబట్టుకొని బయలుదేరినవారు సగము దారిలో విసిగి తిరిగివచ్చుటయు, మజిలీల పట్టికను ముందు వ్రాసికొనినవారు నెమ్మదిగా ఆసేతుశీతాచలము తిరిగిరాగల్గుటయు ఈ విద్య నెరిగినవారికి క్రొత్త సంగతి కాదు.

మన వాఙ్మయమున దీనికి ప్రమాణము లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయాక్షేత్రమును కలకత్తాను చూచి, తూర్పు తీరము వెంబడి దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల చెన్నపట్టణము చేరిరి. ఇంచుమించు నూరుగురు పరివారముతో, డేరాలతో, పల్లకీలతో సాగిన యాత్ర యది. తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన లేఖలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చయినవి. ఆ గ్రంథమును భక్తికై చదువువారు కలరు, చరిత్రకై చదువువారు కలరు. క్యారవాను ప్రయాణము తలపెట్టినవారు మాత్రము దానిని మజిలీల లెక్కపుస్తకముగా చదువవలెను. ఏ యూరు దిగుటకు వసతియైనది, అచట అంగళ్లు కలవా, నీరు మంచిదా, తరువాతి యూరికి పోవు బాట రాతిదా యిసుకదా, నడుమ దాటవలసిన వాగు కలదా యను విషయములను ఆయన క్షేత్రమాహాత్మ్యమునకు తీసిపోని శ్రద్ధతో వ్రాసికొనిరి. విశ్వేశ్వరుని దర్శింప బయలుదేరిన మనుష్యుడు అంగటిలో పప్పు బియ్యము దొరకునా యని విచారించుట అల్పబుద్ధి యని యెవరైన తలచిన తలతురు గాక, నూరుగురి కడుపు ఆయన మీద నుండెను. మన మీద నుండునవి రెండు కడుపులే యైనను విచారించు పద్ధతి యదియే.

అమెరికాలోని పిల్లల యింటికి వేసవిలో పోయి, వారు అద్దెకు తెచ్చిన 'ఆర్వీ'లో పడుకొని యెల్లోస్టోను వనమును చూచివచ్చిన తల్లిదండ్రులు మన ప్రాంతమున నిప్పుడు అరుదు కారు. వారి వర్ణనలు విని ఇచట బండి కొనుట మాత్రము ప్రమాదకరము. 1962లో మోంటానా రాష్ట్రమందలి బిల్లింగ్సులో మొదలైన 'కాంప్‌గ్రౌండ్స్ ఆఫ్ అమెరికా' వంటి సంస్థల వలన ఆ దేశమున రుసుము చెల్లించి బండి నిలిపి, కరెంటు తీగ తగిలించుకొని, నీటిగొట్టము బిగించుకొని, మురుగును నియతస్థలమున వదలిపెట్టు తావులు అడుగడుగునను దొరకును. మన దేశమున కేరళ ప్రభుత్వము 2021లో 'కేరవాన్ కేరళ' యను పేర నిట్టి పద్ధతికి శ్రీకారము చుట్టినది గాని, దేశమునందు పెక్కు చోట్ల రాత్రి మజిలీ నేటికిని నోటిమంచితనము మీదనే యాధారపడి యున్నది. నోరు మంచిదైన నూరు మంచిదగునను సామెతను మనవారు కల్పించిననాడు క్యారవాన్లు లేకపోయినను, దాని కింతకంటె తగిన సందర్భము నాకు తోచుట లేదు.

ఈ కారణముచేత, బండి కొనక పూర్వమే యొక చిన్న బండిని వారము పది దినములకు అద్దెకు తెచ్చుకొని, స్వజిల్లాలోనే యొక వలయము తిరిగిరావలెనని నా సలహా. కడప జిల్లావారికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలు ఈ యభ్యాసమునకు చక్కగా నమరినవి. దేశములో ముందు ముందు తటస్థింపబోవు మజిలీలలో జనసమ్మర్దము గల పట్టణము, నిర్జనమైన కొండ, తోటల నడిమి పల్లె అను మూడు తరగతులును ఇచట ఒకదాని ప్రక్క నొకటి యున్నవి. ఏది మరచివచ్చినను ఒక పూటలో ఇంటికి పోయి తెచ్చుకొనవచ్చును. ఒంట్లో నలతగా నున్నచో తెలిసిన వైద్యుడే దొరకును. అన్నింటిని మించి, ఈ ప్రయాణము మనకు సరిపడదని తేలినచో ఎవరికిని చెప్పుకొనవలసిన పని లేకుండ నిశ్శబ్దముగా తిరిగి యింటికి చేరవచ్చును.

ప్రొద్దుటూరు వర్తకుల పట్టణము. బంగారు అంగళ్లకు ప్రసిద్ధికెక్కి, దసరా యుత్సవములకు చుట్టుపట్ల యూళ్లన్నియు కదలివచ్చు ఈ పట్టణమున క్యారవాను నేర్పు మొదటి పాఠము సందుల వెడల్పు. ఇరువది యడుగుల బండి బజారు వీధిలో ప్రవేశించినదా, ముందొక ఆటో, వెనుకనొక తోపుడుబండి, ఇరుప్రక్కల మోటారు సైకిళ్లు, అరుగు మీద కూర్చుండి తలకొక సలహా చెప్పు పెద్దలు! స్టీరింగు పట్టినవాని ముఖము చూచినచో అతడు చేయుచున్నది విహారమని యెవ్వరును అనుకొనరు. కావున పట్టణముల యందు బండిని ఊరి వెలుపల నిలిపి, ఆటోలో లోనికి పోవుట మొదటినుండి అలవరచుకొనవలెను. పట్టణపు మజిలీ ప్రధానముగా పనుల మజిలీ: చక్రములకు గాలి, బ్యాటరీకి పరీక్ష, మందుల దుకాణము, బ్యాంకు, బట్టలుతుకుట, పళ్లనొప్పి యున్నచో దంతవైద్యుడు, ఇవన్నియు ముగించుకొని ముందుకు సాగుటకే పట్టణము. రాత్రి నిలుచుటకు పెట్రోలు బంకు ఆవరణమో, పెండ్లిండ్లు లేని దినమున కల్యాణమండపపు ఖాళీస్థలమో, దేవాలయపు వాహనముల తావో అడిగిన దొరకును. బంకులో నడుగువారు ముందు ట్యాంకు నిండ డీజిలు పోయించుకొని పిదప అడుగవలెను. నూరు రూపాయల డీజిలు కొని రాత్రంతయు చోటడుగుట మర్యాద కాదు.

పెన్న యొడ్డున నున్న పట్టణము గావున ఏటి యిసుకను చూచి క్రొత్తవారు మురిసిపోవుట కలదు. సంవత్సరములో పెక్కు నెలలు ఎండి, విశాలమై, చల్లగాలి వీచు ఆ యిసుక తిన్నెలకంటె మంచి మజిలీ లేదనిపించును. అక్కడ బండి నిలుపరాదు. ఈ జిల్లా నదుల యందు నీరు మనము చూచుచున్న మేఘము వలన రాదు, ఎగువన నెక్కడనో కురిసిన వాన వలన వచ్చును. అది వచ్చునప్పుడు కబురు పెట్టి రాదు. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగినప్పుడు దిగువ పల్లెల కేమి జరిగినదో జిల్లావాసులకు మరల చెప్పనక్కరలేదు. అక్టోబరు, నవంబరు నెలలలో వాయుగుండపు వార్త విన్నవెంటనే ఏటికి, వాగుకు, చెరువు కట్టకు దూరముగా మెరకకు పోవుట యేనాడును మరువరాని నియమము.

    

పట్టణపు సందులలో నొకమారు చెమటోడ్చిన పిమ్మట బండి కొలతను గూర్చిన భ్రమలు చాలవరకు తొలగును. బస్సు చాసిస్‌పై కట్టిన మహాసౌధముల మీది మోజు తగ్గి, ఫోర్స్ ట్రావెలర్ వంటిదానినో, టాటా వింగర్ వంటిదానినో ఇద్దరికి సరిపడునట్లు మార్పించుకొనినవే మన బాటలకు తగినవని తోచును. అయితే ఊరిలోని వడ్రంగిని పిలిచి వ్యానులో మంచము, గ్యాసు పొయ్యి బిగించుకొనినంత మాత్రమున అది చట్టము దృష్టిలో క్యారవాను కాదు. క్యారవాన్లకు ఏఐఎస్-124 అను ప్రమాణము కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి బండి స్వరూపమును రవాణా శాఖ అనుమతి లేక మార్చరాదు. మార్పు రిజిస్ట్రేషను పత్రములో నెక్కవలెను, బీమా కంపెనీకి తెలియవలెను. లేనిచో ప్రమాదము జరిగిననాడు బీమా కాగితము వలన కలుగు ప్రయోజనము విసనకర్ర ప్రయోజనమే. మొత్తము బరువు 7,500 కిలోలు మించని బండిని కారు నడుపు లైసెన్సుతోనే నడుపవచ్చును. లైసెన్సు విషయమున వృద్ధులు గుర్తింపవలసిన దేమనగా, 55 యేండ్లు దాటిన పిమ్మట పొడిగింపు ఐదేండ్లకు మాత్రమే లభించును, 1ఏ నమూనాలో వైద్యుని ధ్రువపత్రము జతపరుపవలెను. గుజరాతు టోల్‌ప్లాజా దగ్గర లైసెన్సు గడువు ముగిసిన సంగతి తెలిసికొనుటకంటె ఇంటి దగ్గర తెలిసికొనుట మేలు. ఒకే పరరాష్ట్రమున పండ్రెండు నెలలు మించి బండిని ఉంచినచో అచట మరల రిజిస్ట్రేషను చేయింపవలసియుండును. తిరుగుచుండువారి కీ బాధ లేదు.

ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు పోవు 67వ నంబరు జాతీయ రహదారి మంచిదే గాని, ఈ ప్రాంతమంతయు సిమెంటు కర్మాగారములకు, నాపరాతి గనులకు నెలవగుటచే బరువు లారీల సంచారము మిక్కుటము. క్యారవాన్ బండి యెత్తు వలన ప్రక్కనుండి పోవు లారీ గాలికే యొక యూపు ఊగును. కారు నడిపిన చేతికి ఇది క్రొత్త. ఈ ఇరువది యిరువదియైదు కిలోమీటర్లలోనే ఆ యూపునకు చేయి అలవాటు పడవలెను. చీకటి పడిన పిమ్మట నడుపుట మానుకొనవలెను. నా లెక్క ప్రకారము దినమునకు నూటయేబది కిలోమీటర్లు మించరాదు, సాయంకాలము నాలుగు గంటలకు మజిలీ చేరవలెను, వారములో రెండు దినములైనను బండి చక్రము కదలరాదు. ఇది మందగమనమని యువకులు నవ్వుదురు. సెలవు నాలుగు దినములే దొరకు నుద్యోగులు వారు; తొందర వారికి తప్పదు, మనకు తప్పును.

జమ్మలమడుగునకు పదునైదు కిలోమీటర్ల దూరమున గండికోట యున్నది. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పోవుచుండగా, ఆ లోయ యంచున కోటగోడయు, మాధవరాయస్వామి, రంగనాథస్వామి యాలయములును, జుమ్మా మసీదును, ధాన్యాగారమును ఒక చోట నిలిచి యున్నవి. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గోలకొండ వజీరు మీర్ జుమ్లాను కలిసికొనుటకు ఈ కోటకే వచ్చెను. రత్నముల బేరమునకు నెలల తరబడి ప్రయాణము చేసినవాడు, దారి వసతులను గూర్చి శ్రద్ధగా వ్రాసినవాడును. ఇప్పుడు కోట సమీపమున పర్యాటక శాఖ హోటలు కలదు, గుడారములు వేయువారును కలరు. మొదటి రాత్రి వారి ఆవరణముననే రుసుము చెల్లించి నిలుచుట యుత్తమము. సూర్యోదయము కనబడునని లోయ యంచుకు బండిని చేర్చువారి సాహసమును నేను మెచ్చను. కంచె లేని రాతిగట్టు మీద, గాలి వీచు రాత్రి, నిద్రమత్తులో మెట్టు దిగు అరువదియైదేండ్ల మనుష్యునికి సూర్యోదయము నూరు గజముల వెనుకనుండియు కనబడును.

బండిని సమతలముగా నిలుపుటయే యొక విద్య. పొయ్యి ప్రక్కనున్న బల్ల మీద వెడల్పాటి పళ్లెములో నీళ్లు పోసి చూచినచో ఏ ప్రక్క వాలియున్నదో తెలియును. వాలిన ప్రక్క చక్రము క్రింద చెక్కదిమ్మ పెట్టి బండిని దాని మీది కెక్కింపవలెను. ఇచట నాపరాళ్లు ఎక్కడ జూచినను దొరకునని వానినే పెట్టుదురు గాని, పలుచని పలక బరువుకు పుటుక్కున పగులును. చెక్కయే మేలు. ఫ్రిజ్జు ఏటవాలుగా నున్నను పని చేయునేమో గాని, తల క్రిందై పడుకొనినవాడు తెల్లవారుసరికి భార్యతో తగవు పెట్టుకొనుట నిశ్చయము.

జమ్మలమడుగు చుట్టుప్రక్కల నల్లరేగడి నేల విస్తారము. ఎండలో నది సిమెంటు వలె గట్టిగా నుండును, నెరియలు విచ్చి నవ్వుచుండును. రాత్రి యొక జల్లు పడినదా, మూడు టన్నుల బండి యిరుసు వరకు దిగబడును. ట్రాక్టరు తెచ్చి లాగువారు లేకపోరు, కాని వాన వెలిసి నేల ఆరువరకు ట్రాక్టరును దిగబడును. కాబట్టి ఆకాశమున మబ్బున్ననాడు నల్లనేల మీదికి దిగరాదు. తారురోడ్డు ప్రక్కనో, రాతిగరప మీదనో, గ్రామ పాఠశాల వంటి గట్టి నేల మీదనో అనుమతితో నిలుపవలెను. ఇది కర్నూలు, బళ్లారి, విదర్భ, మాళవ ప్రాంతములకును వర్తించును గనుక, ఉత్తరదేశ యాత్రలో సగము దారికి ఈ యొక్క పాఠము చాలును.

కరెంటు సంగతి గండికోట గట్టు మీదనే తెలిసికొనవలెను. పండ్రెండు వోల్టుల, 200 యాంపియర్-గంటల లిథియం బ్యాటరీ యనగా 2,400 వాట్-గంటలు. ఇరువదియైదు వాట్ల ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగినచో 250 పోవును; రెండు ఫ్యాన్లు, దీపములు, ఫోన్లు, చిన్న ఫ్రిజ్జు కలిపి దినమంతయు నడిచినను బ్యాటరీలో మిగులు నుండును, పైకప్పు మీది సోలారు పలక పగలు దానిని మరల నింపును. కాని వేయి వాట్లు మ్రింగు ఏసీని పెట్టినచో రెండు గంటలలో అంతయు హరించును. బండి యింజను నడుపుచు ఏసీలో నిద్రించువారు కలరు. మూసిన బండిలో పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణములు తీయును గావున అది యెన్నడును చేయరాదు. కడప జిల్లాలో ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. రేకు గోడల బండి అప్పుడు పెనమే. దీనికి యంత్రముతో పరిష్కారము వెదకుటకంటె పంచాంగముతో వెదకుట సులభము: వాయుగుండములు వెనుకబట్టిన డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు దక్షిణము, ఎండ ముదిరిన పిమ్మట కొండప్రాంతములు. గ్యాసునకు ఐదు కిలోల సిలిండరు చాలును. గ్యాసు గాలికంటె బరువైనది, కారినచో నేలనంటి నిలుచును. కావున క్రింది భాగమున గాలి పోవు రంధ్రము లేని బండిని, అది యెంత సుందరముగా నున్నను, కొనరాదు.

జమ్మలమడుగు నుండి ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు సాగినచో ప్రకృతి మారును. అరటి తోటలు, చీనీ తోటలు, బోరుమోటార్ల చప్పుడు. ఇచటి మజిలీ రైతు తోటలో. ఇదియే మూడింటిలో కఠినమైనది, రుచి తెలిసినచో మరువరానిదియు. చీకటి పడకముందే పోయి, బండిని రోడ్డు మీదనే నిలిపి, దంపతు లిరువురును దిగి నడచిపోయి అడుగవలెను. పురుషు డొక్కడే పోయినచో విచారణ యెక్కువగా నుండును, గృహిణి ముందు మాటాడినచో సగము సంశయము అప్పుడే తీరును.

"యాడికి పోతాండారు పెద్దాయనా?" అని రైతు అడుగును.

"దేశం జూడను పోతాండాం నాయనా. ఈ రాత్రికి నీ తోటకాడ బండి నిలుపుకుంటాం, పొద్దున్నే లేసి పోతాం. నీళ్లు, వంట, అన్నీ మా బండిలోనే ఉండాయి."

"బండిలోనే పండుకుంటారా? ఇంట్లో మంచాలుండాయి కదమ్మా, ఈడ దోమలు!"

ఈ సంభాషణలో మీరు చెప్పవలసినవి మూడే: ఎవరు, ఎంతసేపు, ఏమి కోరము. రైతు తన కుటుంబమును వెంటబెట్టుకొని బండి చూడవచ్చును, పిల్లలు పడక మీద ఎక్కి దూకుదురు, దానికి విసుగుకొనరాదు. ఆయన ఇచ్చిన చీనీకాయలను వలదనరాదు; డబ్బు చేతిలో పెట్టినచో నొచ్చుకొనును, పిల్లలకు ఏదైన ఇచ్చిన సంతోషించును. ముఖ్యముగా మరుగు పెట్టె విషయము. బండిలోని మరుగుదొడ్డి పెట్టెను తోటలో గాని కాలువలో గాని ఎన్నడును వంపరాదు. పట్టణమున సులభ్ కాంప్లెక్సులోనో, బంకు మరుగుదొడ్డిలోనో ఖాళీ చేసికొనవలెను. తోట యజమాని తెల్లవారి వచ్చి చూచినప్పుడు చక్రముల గుర్తులు తప్ప వేరేమియు మిగులరాదు. మీ వెనుక వచ్చు మరియొక దంపతులకు ఆ రైతు "రాండి" యనునో "పోండి" యనునో మీరు వదలిపోయిన నేలయే నిర్ణయించును.

పులివెందుల దాటి వేంపల్లె సమీపమున పాపఘ్ని నది కొండలను చీల్చు చోట గండి క్షేత్రము, ఆంజనేయస్వామి యాలయము కలవు. శ్రావణమాసపు శనివారములలో అచట పెద్ద బండిని ద్రిప్పుట సాధ్యము కాదు. తక్కిన దినములలో ప్రశాంతము. ఆ గండిలో రెండు కొండల నడుమ బంగారు తోరణమొకటి కలదనియు, అది యాసన్నమరణునకు మాత్రమే కనబడుననియు జనశ్రుతి. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు కలెక్టరుగా నుండి, పిదప మదరాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనబడినదని చెప్పుకొందురు. కథ యెట్లున్నను చరిత్ర యిది: పదవి వదలి స్వదేశమునకు మరలుటకు సిద్ధమైన మన్రో, తాను పని చేసిన మండలములను చివరిసారి చూచుటకు వచ్చి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. తోరణమును గూర్చి తలయూపి పోవు యాత్రికులు కలరాను గూర్చి యాలోచింపవలెను. బాటసారిని పడగొట్టునది తరచుగా పులియు కాదు, దొంగయు కాదు, నీరు.

కావున నీటి లెక్క కరెంటు లెక్కకంటె ముందు రావలెను. నూరు లీటర్ల ట్యాంకు ఇద్దరికి, స్నానము పొదుపుగా చేసికొనినచో, రెండు మూడు దినములు వచ్చును. ట్యాంకు నీరు స్నానమునకు, చేతులకు, పాత్రలకు మాత్రమే. త్రాగునీరు వేరుగా ఉండవలెను. కాచినందువలన క్రిములు నశించును గాని, బోరు నీటిలోని యుప్పును, ఫ్లోరైడును కాచి పోగొట్టలేము. రాయలసీమ పల్లెలలో ఇది స్మరింపదగిన విషయము. పల్లెవారు తాము త్రాగునీరు ఎక్కడనుండి తెచ్చుకొనుచున్నారో అడిగి అక్కడనే నింపుకొనుట తెలివి. ఊరి మధ్యనున్న బోరును తాము త్రాగక వేరొక చోటికి బిందె తీసికొనిపోవుచున్నారనిన, అందులకు కారణముండును.

మందుల విషయము సంక్షేపముగా. రక్తపోటు, మధుమేహము మాత్రలు నెలకు సరిపడ వెంట నుండవలెను, వైద్యుని చీటీ ఫోనులో ఫొటోగా నుండవలెను. తెరవని యిన్సులిను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్జులో, వాడుచున్నది చల్లని నీడలో సాధారణముగా నాలుగు వారములు; ఎండలో నిలిపిన బండి అద్దము ప్రక్కన పెట్టినచో అది మందు కాదు, నీళ్లు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇయ్యవలసిన జీవన ప్రమాణపత్రమును ఇప్పుడు ఫోనులో ముఖము చూపియే యే యూరి నుండియైనను పంపవచ్చును. దానికై బండి త్రిప్పుకొని రానక్కరలేదు.

ఇక మిగిలినది గృహిణి పక్షము. ఈ ప్రయాణములను గూర్చి పురుషులు వ్రాసిన వర్ణనలలో పొయ్యి మీద టీ మరుగుచుండును, కిటికీ వెలుపల కొండలు కనబడుచుండును. ఆ టీ పెట్టినవారెవరో మాత్రము కనబడరు. భర్త పదవీ విరమణ చేసెను, భార్య చేయలేదు. ముప్పదియైదేండ్లు నాలుగు గోడల వంటగదిలో నిలిచిన యామెను నాలుగడుగుల వంటగదిలో నిలిపి, దేశము చూపించుచున్నానని చెప్పుట న్యాయము కాదు. నియమము నొకదానిని బండి యెక్కకమునుపే పెట్టుకొనవలెను: ఉదయము ఉగ్గాని బజ్జియో, కారము దోసెయో బయట, మధ్యాహ్నము భర్త వంట, రుచి యెట్లున్నను విమర్శ లేదు, రాత్రి పెరుగన్నముతో ముగింపు. సంగటి తిని పెరిగిన శరీరములకు రాగిపిండి ఒక డబ్బా, చెనిక్కాయల ఊరిబిండి ఒక సీసా వెంట నున్నచో ఏ రాష్ట్రమునను ఆకలి బాధ లేదు. స్టీరింగు పట్టు పనియు, దారి చెప్పు పనియు ఒకరి తరువాత నొకరు మార్చుకొనవలెను. నడుపుట రానివారికి పులివెందుల వద్ద జనసంచారము లేని మైదానములో నేర్పుటకు ఈ వలయమే తగిన యదను.

వేంపల్లె నుండి యెర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు చేరి అద్దె బండిని అప్పగించిన దినమున, స్నేహితులకు ఫోను చేయకముందు, బండి అంగడికి పోకముందు, దంపతులు రెండు కాగితములు తీసికొని వేరువేరు గదులలో కూర్చుండవలెను. ఇల్లు విడిచి ఒక్కసారిగా ఎన్ని దినములు ఉండగలమో ఎవరికి వారు ఒక అంకె వ్రాయవలెను. మొగమాటము వలదు, వీరతనము వలదు. పిదప రెండు కాగితములు విప్పి, రెండింటిలో చిన్న యంకెను తీసికొని, ఆ దినములకు సరిపడు దూరమునకే మజిలీల పట్టిక వ్రాసి, ఆ పట్టికకు సరిపడు కొలతకే బండిని మాటాడవలెను.